మీకు తెలుసా? నదికి గొడుగు పట్టిన చెట్లు

మురుగును అద్దంలా శుద్ధి చేసి నదిలోకి వదిలినా కాలుష్యమే కావచ్చు. ఆ నీళ్ళు వెచ్చగా ఉంటే చాలు!

అమెరికాలోని ఆరెగాన్ రాష్ట్రంలో, పోర్ట్‌లండ్ నగరం పడమటి శివార్లలో టువాలటిన్ అనే నది పారుతుంది. ఇంటెల్ ఉద్యోగాలతో మనవాళ్ళు చాలామంది స్థిరపడ్డ హిల్స్‌బరో, బీవర్టన్ ఊళ్ళు దాని పరీవాహక ప్రాంతంలోవే. అక్కడి మురుగును శుద్ధి చేసే ప్రభుత్వ సంస్థ ‘క్లీన్ వాటర్ సర్వీసెస్’కు ఇరవై ఏళ్ళ కిందట వచ్చిన చిక్కు ఇదే. స్నానాల గదుల నుంచి, వంటిళ్ళ నుంచి వచ్చే నీరు ఎంత శుభ్రపరిచినా గోరువెచ్చగానే ఉంటుంది. ఎండాకాలం నది సన్నబడినప్పుడు అది కలిస్తే నది కూడా వేడెక్కుతుంది.

వేడెక్కితే నష్టమేమిటి? 10 డిగ్రీల సెల్సియస్ దగ్గర లీటరు మంచినీటిలో సుమారు 11 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరుగుతుంది. 20 డిగ్రీల దగ్గర 9 మిల్లీగ్రాములే, 30 డిగ్రీలకు ఏడున్నరే. వేడి పెరిగేకొద్దీ చేపకు ఆక్సిజన్ అవసరం పెరుగుతుంది, నీటిలో దొరికేది తగ్గుతుంది. చన్నీళ్ళలో బతికే సాల్మన్, ట్రౌట్ చేపలకు ఊపిరాడదు.

నీటిని చల్లబరిచే భారీ యంత్రాలు పెట్టాలంటే 6 కోట్ల డాలర్ల పైమాటే. కరెంటు ఖర్చు అదనం. అందుకని సంస్థ 2004లో వేరే దారికి అనుమతి తెచ్చుకుంది. నది, ఉపనదుల గట్ల మీద భూములున్న రైతులకు డబ్బిచ్చి విల్లో, ఆల్డర్, ఆష్ వంటి స్థానిక జాతుల చెట్లు పెంచించింది.

నిజానికి నీడ నీటిని చల్లబరచదు, ఎండను నీటిదాకా రానివ్వదంతే. శుద్ధి కేంద్రాలు నదిలో కలిపే వేడి ఎంత, చెట్లు అడ్డుకునే వేడి ఎంత అని లెక్కగట్టి జమాఖర్చు సరిచూస్తారు. నాటిన మొక్క చెట్టయి నీడ పరవడానికి ఏళ్ళు పడుతుంది కాబట్టి, కావలసినదానికి రెట్టింపు నీడ వచ్చేలా నాటాలని షరతు పెట్టారు. దీనికి తోడు, వేసవిలో నది మరీ సన్నబడకుండా ఎగువ జలాశయాల నుంచి నీళ్ళు వదులుతారు.

గట్టు చెట్ల పని నీడతో ఆగదు. వేళ్ళు మట్టి కొట్టుకుపోకుండా పట్టి ఉంచుతాయి. పొలాల నుంచి దిగే ఎరువుల నైట్రేట్లలో కొంత పీల్చుకుంటాయి. ఇంకొంతను వేళ్ళ చుట్టూ తడిమట్టిలో ఉండే బాక్టీరియా నైట్రోజన్ వాయువుగా మార్చి గాలిలో కలిపేస్తుంది.

మరి ఏ గట్టున నాటాలి? పడమటి నుంచి తూర్పుకు పారే నదికి ఆరెగాన్‌లో దక్షిణపు గట్టు చెట్లే ఎక్కువ నీడనిస్తాయి. 45 డిగ్రీల అక్షాంశం దగ్గర మధ్యాహ్నపు సూర్యుడు ఏడాది పొడవునా దక్షిణం వైపే ఉంటాడు మరి. మన దగ్గర ఆ లెక్క చెల్లదు. మే నెలలో హైదరాబాద్‌లో మిట్టమధ్యాహ్నం సూర్యుడు దాదాపు నడినెత్తినే ఉంటాడు, చెట్టు నీడ దాని కిందే పడుతుంది. అక్కడి మూసీ నదిలో మురుగు ఆపడం మొదటి పని. ఆ తర్వాత నీడ కావాలంటే రెండు గట్లా నీళ్ళమీదికి వాలే చెట్లుండాలి. వాగుల ఒడ్డున తనంతట తానే మొలిచే కానుగ అందుకు పనికొస్తుంది.