పార్శ్వనొప్పి మూలం తెలిసింది. మందే సామాన్యుడికి చేరాలి

తలలో ఒక పక్క సుత్తితో మోదుతున్నట్లు పోటు, వెలుతురు చూడలేకపోవడం, చిన్న చప్పుడుకే అసహనం, వికారం, వాంతులు. ఒకసారి మొదలైతే నాలుగు గంటల నుంచి మూడు రోజుల దాకా మనిషిని మంచానికి కట్టిపడేసే ఈ వ్యాధిని వైద్యులు మైగ్రేన్ అంటారు. జనం పార్శ్వనొప్పి, ఒంటి తలనొప్పి అంటారు. ప్రాణం తీయదు కనుక ఆరోగ్య ప్రణాళికలలో దీనికి చోటు అంతంత మాత్రమే. కానీ దీని బారిన పడినవారి సంఖ్య మాత్రం చిన్నది కాదు. 2019లో భారతదేశంలో సుమారు 21 కోట్ల 30 లక్షల మందికి ఈ వ్యాధి ఉన్నట్లు 2021లో 'లాన్సెట్ గ్లోబల్ హెల్త్' పత్రిక ప్రచురించిన అంచనా తెలియజేస్తున్నది. కర్ణాటకలో జరిపిన ఇంటింటి సర్వే ఫలితాలు 2015లో వెలువడ్డాయి. ఏడాది కాలంలో వయోజనులలో ప్రతి నలుగురిలో ఒకరికి మైగ్రేన్ వచ్చినట్లు, పురుషులకన్నా స్త్రీలలో, పట్టణాలకన్నా పల్లెల్లో దీని తీవ్రత అధికమని ఆ సర్వే తేల్చింది. ఇది నగరవాసుల నాజూకు జబ్బన్న అభిప్రాయం దానితో తేలిపోయింది.

కణాల మధ్య కబుర్లు

మైగ్రేన్ కేవలం రక్తనాళాలు ఉబ్బడం వల్ల కలిగే నొప్పి అని చాలాకాలం భావించారు. ముఖం నుంచి, మెదడు పొరల నుంచి స్పర్శను, నొప్పిని మోసుకువెళ్లే త్రిధారా నాడికీ ఆ పొరలలోని రక్తనాళాలకూ మధ్య జరిగే వ్యవహారమే దీనికి మూలమని అమెరికా శాస్త్రజ్ఞుడు మైకేల్ మాస్కోవిట్జ్ 1979లో ప్రతిపాదించాడు. ఆ నాడి కొసల నుంచి వెలువడే పదార్థాలలో 37 అమైనో ఆమ్లాలతో కూడిన ఒక చిన్న ప్రోటీను తునక కీలకమని తర్వాత తేలింది. దాని పేరు కాల్సిటోనిన్ జీన్ రిలేటెడ్ పెప్టైడ్, క్లుప్తంగా సి.జి.ఆర్.పి. నొప్పి వచ్చిన సమయంలో రోగుల మెడ సిరలోని రక్తంలో ఇది పెరుగుతున్నదని పీటర్ గోడ్స్‌బీ, లార్స్ ఎడ్విన్సన్ 1990లో చూపారు. దీనిని రోగుల రక్తంలోకి ఎక్కిస్తే మైగ్రేన్ వంటి నొప్పి మొదలవుతున్నదని 2002లో డెన్మార్క్‌లో యెస్ ఒలెసెన్ బృందం నిరూపించింది. ఈ నలుగురికీ 2021లో బ్రెయిన్ ప్రైజ్ లభించింది.

ఈ పదార్థం పనిచేసే తీరు ఆసక్తికరమైనది. ఇది కణం లోపలికి వెళ్లదు. తలుపు తట్టినవాడు గడప దాటకపోయినా ఇంట్లోవారికి కబురు అందినట్లు, ఇది కణంపైనున్న గ్రాహకాన్ని తాకగానే లోపల సైక్లిక్ ఎ.ఎం.పి. అనే మరో దూత తయారవుతుంది. ఆ దూత ఎంజైములను మేల్కొలుపుతుంది, పొటాషియం ద్వారాలు తెరచుకుంటాయి, రక్తనాళం వ్యాకోచిస్తుంది. నాడీకణాలలో ఇటువంటి సంకేతాలు సున్నితత్వాన్ని పెంచి, మామూలు నాడి కొట్టుకోవడం కూడా పోటుగా తోచేట్లు చేస్తాయి. సైక్లిక్ ఎ.ఎం.పి.ని నిల్వ ఉంచే సిలోస్టజోల్, పొటాషియం ద్వారాలను తెరిచే లెవ్‌క్రోమకాలిమ్ కూడా మైగ్రేన్ రోగులలో నొప్పిని రేపుతాయని ప్రయోగాలలో తేలడం ఈ వాదానికి బలం చేకూర్చింది.

మందుల బాట, మార్కెట్ బాట

ఈ కబురును ఆపడమే నేటి చికిత్స సారాంశం. 1991లో మార్కెట్‌లోకి వచ్చిన సుమట్రిప్టాన్, సెరటోనిన్ గ్రాహకాల ద్వారా పనిచేసి నాడి కొసల నుంచి సి.జి.ఆర్.పి. విడుదలను అడ్డుకుంటుంది. అయితే రక్తనాళాలను కుదిస్తుంది కనుక గుండె జబ్బు ఉన్నవారికి పనికిరాదు. ఈ మందుతో భారత పరిశ్రమకు గట్టి అనుబంధం ఉన్నది. 1970 నాటి పేటెంట్ల చట్టం మందుకు కాక తయారీ పద్ధతికి మాత్రమే పేటెంటు ఇచ్చినందున దేశీయ సంస్థలు కొత్త మందులను చౌకగా తయారుచేయడం నేర్చుకున్నాయి. హైదరాబాద్‌కు చెందిన డాక్టర్ రెడ్డీస్ సంస్థ 2008 నవంబరులో సుమట్రిప్టాన్ అధీకృత జెనెరిక్‌ను అమెరికా మార్కెట్‌లో ప్రవేశపెట్టింది.

కొత్త తరం మందుల సంగతి వేరు. సి.జి.ఆర్.పి.ని గానీ, దాని గ్రాహకాన్ని గానీ పట్టుకునే యాంటీబాడీ ఇంజెక్షన్లు 2018 నుంచి అమెరికాలో అనుమతి పొందాయి. నొప్పి రాకుండా నివారించేందుకు వీటిని నెలకో, మూడు నెలలకో ఒకసారి ఇస్తారు. వీటిలో మొదటిదైన ఎరెనుమాబ్ ఖరీదు అప్పట్లో ఏడాదికి 6,900 డాలర్లు. అదే గ్రాహకాన్ని మూసివేసే జెపాంట్ల తొలి ప్రయత్నం కాలేయానికి హాని కారణంగా 2011లో ఆగిపోయినా, తర్వాతి తరం బిళ్లలు 2019 డిసెంబరు నుంచి అమెరికాలో అనుమతి పొందసాగాయి. ఇవి రక్తనాళాలను కుదించవు.

అయితే భారత్‌లో 2005 జనవరి 1 నుంచి మందుకే పేటెంటు వర్తిస్తున్నది. కనుక సుమట్రిప్టాన్ చరిత్ర అంత త్వరగా పునరావృతం కాదు. యాంటీబాడీలను సజీవ కణాలలో పెంచాలి. ఆ ఖర్చు పేటెంటు తీరినా పూర్తిగా తగ్గదు. జెపాంట్లు మాత్రం రసాయన సంశ్లేషణతో తయారయ్యే బిళ్లలు. పేటెంటు గడువు ముగిశాక మన పరిశ్రమ సామర్థ్యం అక్కరకు వచ్చేది వీటి విషయంలోనే.

కొత్త మందులు సర్వరోగ నివారిణులు కావు. 2017లో ప్రచురితమైన ఎరెనుమాబ్ పరీక్షలో పెద్ద మోతాదు పొందినవారిలో సగం మందికి నొప్పి రోజులు సగానికి సగం తగ్గాయి. ఉత్తుత్తి మందు పొందినవారిలోనూ పాతిక శాతానికి పైగా అదే ఫలితం కనబడింది. మిగిలిన సగం మందికి ఏ కబురు కారణమన్నది ఇప్పటి ప్రశ్న. పి.ఎ.సి.ఎ.పి. అనే మరో పెప్టైడ్‌ను అడ్డుకునే యాంటీబాడీ నాలుగు వారాలలో నొప్పి రోజులను 6.2 మేర తగ్గించిందని, ఉత్తుత్తి మందుతో తగ్గినవి 4.2 అని 2024లో వెలువడిన పరీక్ష చెప్పింది. దారి మరొకటి ఉన్నదనడానికి ఇది సూచన.

చేయగలిగినది ఇప్పుడే ఉన్నది

ఖరీదైన మందు కోసం నిరీక్షించనవసరం లేని పనులు కొన్ని ఉన్నాయి. నివారణకు ఉపకరించే ప్రొప్రానొలాల్, అమిట్రిప్టిలిన్ పాతవి, చౌకైనవి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సుమట్రిప్టాన్‌ను అత్యవసర మందుల జాబితాలో చేర్చింది. ఇవి దొరికినా, జబ్బు పేరు తెలియక దుకాణంలో నొప్పి బిళ్లలు కొని మింగేవారు కోకొల్లలు. నెలకు 15 రోజులు, అంతకు మించి మామూలు నొప్పి బిళ్లలు వాడితే ఆ మందే కొత్త తలనొప్పికి కారణమవుతుంది.

మరో చిక్కు బీమాది. 2018లో ఆరంభమైన ప్రధానమంత్రి జన ఆరోగ్య యోజన ఆసుపత్రిలో చేరినవారి ఖర్చును భరిస్తుంది. మైగ్రేన్ రోగి ఆసుపత్రిలో చేరడం అరుదు. వైద్యుడి రుసుము, మందుల ఖర్చు, పోయిన కూలి, అన్నీ కుటుంబం మీదనే పడతాయి. పనికి వెళ్లని రోజుకు వేతనం లేని వ్యవసాయ కూలీ మహిళకు నెలకు నాలుగు రోజుల నొప్పి అంటే నాలుగు రోజుల పస్తు కావచ్చు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో వైద్యుడు రెండు మూడు ప్రశ్నలతో వ్యాధిని గుర్తించి, చౌక మందును వ్రాసి, నొప్పి బిళ్లల మితిని చెప్పగలిగితే ఆ నష్టంలో కొంతైనా తగ్గుతుంది. కణాల కబురును శాస్త్రం విన్నది. రోగి మొరను ఆరోగ్య వ్యవస్థ వినడం మిగిలి ఉన్నది.