చాలని దానికి తోడు

ఇంగ్లీషు క్రియకు పక్కన ఒక చిన్న మాట చేరితే అర్థం ఎటు తిరుగుతుందో చెప్పలేం. గివ్ అప్, పుట్ ఆఫ్ వంటివి మన పిల్లలకు బడిలోనే పట్టుబడతాయి. 'ఈక్ అవుట్' మాత్రం అరుదుగా ఎదురవుతుంది. (కోడి ఈకకూ దీనికీ చుట్టరికం లేదు!)

పాత ఇంగ్లీషులో ఈ ధాతువుకు పెంచడం, చేర్చడం అని అర్థం. అసలు పేరుకు చేర్చిన పేరు 'ఈక్‌నేమ్'. ముందున్న 'యాన్'లోని నకారం దానికి అంటుకుని 'నిక్‌నేమ్' అయింది. షేక్స్పియర్ 'యాజ్ యు లైక్ ఇట్' నాటకంలో, కుస్తీకి దిగబోతున్న ఆర్లాండోకు తన కొద్దిపాటి బలమూ తోడవాలని రోసలిండ్ కోరుకుంటుంది. ఆమె బలం చాలకపోతే నాదీ కలుపుకోమంటూ సీలియా వాడిన మాట ఇదే.

అంటే, చాలని దానికి మరొకటి కలిపి సరిపెట్టడం. వేళకాని వేళ నలుగురు చుట్టాలు దిగితే పప్పుచారులో నీళ్ళు పోసి, పెరుగును మజ్జిగ చేసి పంక్తి నడిపించడం మన ఇల్లాళ్ళకు కొత్త విద్యా?

ఈ క్రియకు కర్మగా చాలని వస్తువే ఉండాలి గాని, దక్కిన ఫలితం ఉండకూడదని 1926లో ఫౌలర్ తన వాడుక నిఘంటువులో పట్టుబట్టాడు. లోకం వినలేదు. 'ఈక్ అవుట్ ఎ లివింగ్' అంటే అష్టకష్టాలు పడి పొట్టపోసుకోవడమని స్థిరపడింది. ఆటల వార్తల్లో బొటాబొటిగా గెలిచిన జట్టుకూ ఇదే మాట వాడుతున్నారు.

అయినా నా ఓటు ఫౌలర్‌కే. బరంపురంలో మా అన్నయ్య మనవరాలు స్కాలర్‌షిప్పు దరఖాస్తులో మా అమ్మ గురించి రాస్తూ, పాపడ్‌లు అమ్మి 'ఈక్డ్ అవుట్ ఎ లివింగ్' అంది. వ్యాకరణానికి లోటు లేదు. కాని నాన్నగారి తరువాత వచ్చిన పింఛను అద్దెకూ బియ్యానికీ సరిపోయేది. మా ముగ్గురి ఫీజులూ అప్పడాల డబ్బే. అమ్మ బతుకీడ్చలేదు, పింఛనుకు తన చేతులు కలిపింది. 'లివింగ్' తీసి 'పెన్షన్' పెట్టమన్నాను.

"అలా రాస్తే చదివేవాళ్ళకు జాలి పుట్టదు, చిన్న తాతయ్యా" అంది.

"ఎందుకు పుట్టాలే?"

రెండు రోజులు నాతో సరిగా మాట్లాడలేదు. పంపిన ప్రతిలో మాత్రం 'పెన్షన్' అనే ఉంది. 'పాపడ్' కొట్టేసి 'అప్పడం' అని తనే మార్చుకుంది.