జింకయు తూటాయు

గడచిన వేసవి సెలవులకు పిమ్మట పాఠశాల తెఱచిన దినములలో, పదవ తరగతి విద్యార్థి యొకడు ఒక ఛాయాచిత్రమును మాకు చూపెను. అమెరికా దేశమున ఓహాయో రాష్ట్రమందు ఉద్యోగము చేయుచున్న అతని మేనమామ దానిని పంపెనట. అందు ఆయన పొరుగువాడు ఒక చేత పొడుగు గొట్టపు రివాల్వరును, రెండవ చేత చచ్చిన జింక కొమ్మును పట్టుకొని నవ్వుచుండెను. “సారూ, చేతి తుపాకితో జింకను కొట్టవచ్చునా? ఏ తూటా కావలెను? గొట్టము ఎంత పొడుగుండవలెను? మన దగ్గఱ అట్లు చేసిన తప్పా?” అని బాలుడు అడిగెను. ప్రశ్నలు నాలుగు. ఆనాడు గంట మ్రోగుటచే సగమే చెప్పితిమి. మిగిలినది ఈ పుటలయందు వ్రాయుచున్నాము.

మొదట తూటా యననేమో తెలిసికొందము. దీనినే మన వైపు కార్తూసు అందురు. ఇందు నాలుగు భాగములు కలవు. ఇత్తడి గుల్ల యొకటి. దాని అడుగున చిన్న క్యాపు. గుల్ల లోపల మందు. మూతివద్ద బిగించిన సీసపు గుండు. మీట నొక్కగా సుత్తి క్యాపును కొట్టును. దీపావళినాడు పిల్లలు పేల్చు రీలు ఎట్లు దెబ్బకు నిప్పు రాల్చునో, క్యాపును అట్లే రాల్చును. ఆ నిప్పుతో మందు క్షణములో కాలి వాయువగును. వాయువునకు చోటు చాలక గుండును ముందునకు త్రోయును.

గుండు గొట్టములో నున్నంతసేపే వాయువు దానిని త్రోయగలదు. మూతి దాటినంతనే ఆ బలము ఆకసమున కలసిపోవును. కావుననే గొట్టము పొడుగైనకొలది గుండునకు వేగము హెచ్చును. గొట్టము లోపలి గోడకు మెలికలు తిరిగిన గాట్లుండును. వాని వెంట జారుచు గుండు బొంగరమువలె తిరుగును. తిరుగుచున్న బొంగరము ఒరగక నిలుచునట్లే, తిరుగుచున్న గుండును తలక్రిందులు గాక సూటిగా పోవును. నాటు తుపాకికి ఈ గాట్లు లేవు. అందుచేతనే దాని గుండు ఎటు పోవునో కాల్చినవానికే తెలియదు.

ఇక బలమును కొలుచు విధము. ఒక పౌను బరువును ఒక అడుగు ఎత్తు లేపు పనిని అడుగు-పౌను అందురు. గుండు బరువు రెట్టింపైన బలము రెట్టింపగును. వేగము రెట్టింపైన బలము నాలుగు రెట్లగును. అమెరికాలో కొలరాడో రాష్ట్రపు నియమము ప్రకారము, జింక వంటి పెద్ద మృగమును చేతి తుపాకితో వేటాడువాని గుండు 50 గజముల దూరమున 550 అడుగు-పౌనుల బలము కలిగియుండవలెను. అనగా రెండున్నర క్వింటాళ్ల ధాన్యమును ఒక అడుగు లేపునంతటి బలము. గొట్టము 4 అంగుళములకు తక్కువ కారాదు. గుండు తగిలినపుడు పువ్వువలె విచ్చుకొను జాతిదై యుండవలెను. ఓహాయోలో గొట్టము కనీసము 5 అంగుళములు, గుండు అడ్డుకొలత .357 అంగుళము, గుల్ల మెడ నొక్కక నిటారుగా నుండవలెనని నియమము. మెడ నొక్కిన గుల్లలు కల రైఫిలు తూటాల గుండ్లు మిక్కిలి దూరము పోవును. ఊళ్లు దగ్గఱదగ్గఱగా నున్న సమతల ప్రదేశములకు అవి తగవని వారి తలంపు.

ఈ కొలతతో కొన్ని తూటాలను తూచి చూతము. 1935లో వెలువడిన .357 మాగ్నము తూటా, 158 గ్రెయినుల గుండుతో, 4 అంగుళముల గొట్టమునుండి సెకనుకు 1235 అడుగుల వేగమున వెడలును. మూతివద్దనే దాని బలము 535 అడుగు-పౌనులు. కొలరాడో త్రాసులో ఇది తేలిపోయినది. తరువాత వచ్చిన .44 మాగ్నము, 240 గ్రెయినుల గుండుతో, సెకనుకు 1180 అడుగుల వేగమున మూతివద్ద 741, 50 గజములవద్ద సుమారు 620 అడుగు-పౌనులు చూపును. ఇది నెగ్గినది. మన దేశమున కాన్పూరు ప్రభుత్వ కర్మాగారమున తయారై, లైసెన్సు గలవారికి దొరకు .32 రివాల్వరు తూటా బలము సుమారు 110 అడుగు-పౌనులు మాత్రమే. ఇది అర క్వింటాలు ధాన్యమును అడుగు లేపుటకే చాలును. మనుష్యుడు ఆత్మరక్షణకు ఉంచుకొను ఆయుధమిది. దీనితో జింకను కొట్టువాడు దానిని చంపడు, గాయపఱచును.

పొడుగు గొట్టమునకు రెండవ ప్రయోజనము గుఱి. ఇది త్రైరాశికపు లెక్క. ముందు గుఱికిని వెనుక గుఱికిని నడుమ 8 అంగుళములున్నవనుకొనుడు. చేయి వణకి ముందు గుఱి అంగుళములో పదవ వంతు ప్రక్కకు తొలగినచో, 50 గజములవద్ద, అనగా 1800 అంగుళముల దూరమున, గుండు ఇరువది రెండున్నర అంగుళములు తప్పును. నడుమ దూరము 4 అంగుళములే యైనచో 45 అంగుళములు తప్పును. జింక గుండెయు ఊపిరితిత్తులును ఉన్న చోటు జానెడు మేర. ఆ జానెడు తప్పినచో దెబ్బ పొట్టకో కాలికో తగులును.

కాలికి తగిలిన దెబ్బ ఎట్టిదో మేము ఎఱుగుదుము. మా బాల్యమున ఒక ఉదయము చెఱువు వెనుక తుమ్మల నీడను, ఎవరో రాత్రి నాటు తుపాకితో కొట్టి విడిచిన దుప్పి పడియుండెను. వెనుక కాలు విఱిగి, ఈగలు ముసరి, మమ్ము చూచి లేవబోయి మరల కూలెను. మధ్యాహ్నము దాకా బ్రదికియుండెను. కొట్టినవానికి మాంసమును దక్కలేదు. దుప్పికి ప్రాణమును దక్కలేదు. ఆ దేశములవారు గొట్టపు అంగుళములను, గుండు బలమును చట్టములో వ్రాసికొనుట ఎందులకో ఆ దినమును తలచుకొన్నప్పుడెల్ల మాకు బోధపడును. చంపుటకు సెలవిచ్చిన చట్టమే బాధింపరాదని హద్దు గీసినది.

మఱి మన దేశపు చట్టమేమి? ఒకప్పుడు ఇచ్చటను వేట ప్రభువుల వేడుకయే. మెదకు సమీపమున నున్న పోచారము అడవి నిజాము ప్రభువుల వేటపట్టు. నేడది దుప్పులకు, కణుజులకు, మనుబోతులకు, కొండగొఱ్ఱెలకు అభయారణ్యము. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చెను. మొదట కొన్ని జంతువులను లైసెన్సుతో వేటాడుటకు అందు వీలుండెను. 1991 సవరణతో ఆ ద్వారమును మూతపడెను. కావున మన దేశమున జింక వేటకు చట్టసమ్మతమైన తూటా ఒక్కటియు లేదు, చట్టసమ్మతమైన గొట్టపు పొడుగును లేదు. ఉరి పన్నుట, విషము పెట్టుట, తఱుముట, గాయపఱచుట, అందుకు యత్నించుటయు చట్టదృష్టిలో వేటయే. మొదటి పట్టికలోని కృష్ణజింకను చంపినవానికి మూడేండ్లకు తక్కువ గాక ఏడేండ్ల వఱకు చెఱ. 1998లో రాజస్థానమున రెండు కృష్ణజింకలను చంపిన నేరమునకు ప్రసిద్ధుడైన చలనచిత్ర నటునికి 2018లో జోధపురపు న్యాయస్థానము అయిదేండ్ల శిక్ష విధించెను. ఆయన దానిపై అప్పీలు చేసికొనెను. తుపాకికి లైసెన్సున్నను అది వేటకు లైసెన్సు కాదు. 2014లో మన రాష్ట్రము జింకనే తన రాష్ట్ర జంతువుగా ఎన్నుకొన్నది.

ఇంతవఱకు చెప్పగా, వెనుక బల్లపై కూర్చున్న మఱియొక బాలుడు లేచి, “మా నాయన మక్కచేను మూడు రాత్రులలో మృగముల పాలైనది సారూ. మాకు వేట సరదా కాదు. మేమేమి చేయవలె?” అనెను. ఇది న్యాయమైన ప్రశ్న. నెమలిని, జింకను ప్రేమింపుమని రైతుబిడ్డకు చెప్పుట సులభము. అతని చేను మేసిన జింకను కాదు.

చట్టము ఈ మాటను మఱువలేదు. పదునొకండవ సెక్షను ప్రకారము, మనుష్యుల ప్రాణమునకుగాని నిలిచిన పంటకుగాని అపాయకరమైన మృగము విషయమున, అధికారి కారణము వ్రాసి లిఖితపూర్వకముగా అనుమతి నీయవచ్చును. నష్టము కలిగినపుడు వెంటనే అటవీశాఖవారికి తెలిపి, చేనిని చూపి, వ్రాతమూలకముగా అర్జీ పెట్టుకొనవలెను. ఆలస్యము కావచ్చును, తిరుగవలసి రావచ్చును; అయినను మార్గమిదియే. చేని చుట్టు కరెంటు తీగె చుట్టుట మాత్రము ఎన్నడును చేయరాదు. ఆ తీగెకు పంది ఏదో, పొరుగు రైతు ఎవరో తెలియదు. రాత్రి నీరు పెట్టబోయిన మనుష్యులే అట్టి తీగెలు తగిలి మరణించుట మన రాష్ట్రమున పలుమార్లు జరిగినది. తల్లిదండ్రులు ఈ మాటను తప్పక గమనింతురుగాక.

విద్యార్థులారా, ఛాయాచిత్రము తెచ్చిన బాలుని నాలుగు ప్రశ్నలకును ఇప్పుడు సమాధానము చెప్పితిమి. ఓహాయోలో కొట్టవచ్చును, చెప్పిన కొలతలకు లోబడి. ఇచ్చట కొట్టరాదు, ఏ కొలతతోనైనను. తూటా నిర్మాణమును, గొట్టపు గాట్లను, త్రైరాశికమును నేర్చుకొనుడు, అది విద్య. ఆ బాలుడు తన మేనమామకు ఉత్తరము వ్రాయుచు, పోచారము దుప్పుల చిత్రమును జతపఱచెనని తరువాత తెలిసినది. మక్కచేని బాలుడు తండ్రి పేర అర్జీని తానే వ్రాసెను. దానిలోని తప్పులు దిద్దుటకు మాకడకు తెచ్చెను; రెండే దొరకినవి.