కోనసీమకు కొండపిట్టలు వస్తాయా?

రాజమండ్రి: శీతాకాలం వచ్చిందంటే గోదావరి జిల్లాల్లో వలస పక్షుల సందడే. కోరింగ మడ అడవులకు, కొల్లేరుకు వచ్చే నీటిపక్షులు అందరికీ తెలిసినవే. హిమాలయాల్లో గూళ్లు కట్టే చిన్న పాడే పిట్టలను మాత్రం గమనించేవారు తక్కువ. కొండల్లో ఉండాల్సిన పిట్ట కొబ్బరితోటలో కనిపిస్తే దారి తప్పిందనుకోవడం సహజం. అయితే అలా కనిపించినవన్నీ దారి తప్పినవి కావు.

దారిలో మజిలీ

వెర్డిటర్ ఫ్లైక్యాచర్, ఇండియన్ బ్లూ రాబిన్ వంటివి వేసవిలో హిమాలయాల్లో పిల్లలను పెంచి, చలికాలానికి దక్షిణాదికి దిగుతాయి. అరుదైన పైడ్ థ్రష్ శీతాకాల విడిది ప్రధానంగా శ్రీలంక. వెయ్యి కిలోమీటర్లకు పైబడిన ఇలాంటి ప్రయాణాల్లో చిన్న పిట్టలు ఎక్కువగా రాత్రివేళ ఎగిరి, పగలు చెట్ల గుబురుల్లో ఆగి మేత వెతుక్కుంటాయి. అందువల్ల సెప్టెంబరు నుంచి నవంబరు వరకు, తిరిగి మార్చి, ఏప్రిల్ నెలల్లో ఇవి మైదానాల్లోనూ కనిపించే అవకాశం ఉంది.

గాలివాటున వచ్చేవి

కొన్ని నిజంగానే దారి తప్పుతాయి. తొలిసారి వలస బయలుదేరే చిన్న పిట్టల్లో చాలావాటికి పెద్దపక్షుల తోడు ఉండదు. పుట్టుకతో వచ్చిన దిశాజ్ఞానమే ఆధారం. నక్షత్రాలు, భూమి అయస్కాంత శక్తి వాటికి దిక్కు చూపుతాయి. గాలి పక్కకు నెడితే దారి సరిచేసుకునే అనుభవం వాటికి తక్కువ. వలసకాలంలోనే బంగాళాఖాతంలో తుపాన్లూ వస్తాయి. 1996లో కోనసీమను అతలాకుతలం చేసిన తుపాను నవంబరులో వచ్చినదే.

కదలలేని పిట్ట

తూర్పు కనుమల్లో స్థిరంగా ఉండే పిట్టల సంగతి వేరు. తూర్పు హిమాలయ పాదాల నుంచి ఆగ్నేయాసియా వరకు విస్తరించిన అబాట్స్ బాబ్లర్, వాటికి ఎంతో దూరంలో ఉన్న విశాఖ మన్యంలోనూ ఉంది. డిల్లాన్ రిప్లే, బ్రూస్ బీలర్ 1985లో ఇక్కడి ఉపజాతికి విశాఖ పక్షి పరిశోధకుడు కె.ఎస్.ఆర్. కృష్ణరాజు పేరిట 'కృష్ణరాజుయి' అని నామకరణం చేశారు. నేలకు దగ్గరగా, అడవి పొదల్లో తిరిగే ఈ పిట్ట వలస వెళ్లదు. వరిచేలు దాటి డెల్టాకు చేరే అవకాశం దాదాపు లేదు. వలస పిట్టకు ఒక తోపు పోతే మరో తోపు దొరకవచ్చు. దీనికి మాత్రం ఆ అడవి తరిగితే వేరే చోటు లేదు.

నమోదే కీలకం

కొత్త పిట్ట కనిపిస్తే ఫొటో తీసి, తేదీ, స్థలం వివరాలతో 'ఈబర్డ్'లో నమోదు చేయవచ్చు. అలసి నేలవాలిన పిట్టను పంజరంలో పెట్టకుండా అటవీ సిబ్బందికి తెలపాలి. ఒక్కసారి కనిపించిన పిట్ట దారి తప్పినదే కావచ్చు. ఏటా అవే వారాల్లో, అదే తోటలో కనిపిస్తే మాత్రం అది దాని దారేనని భావించవచ్చు.