చూలింత చేతి ఎర్ర మాత్ర

పల్లెలో ఆరోగ్య కేంద్రానికి వెళ్లిన గర్భిణికి నర్సమ్మగారు ఎర్ర మాత్రల అట్ట ఒకటి చేతిలో పెడుతుంది. రోజుకొకటి చొప్పున 180 రోజులు వేసుకోమంటుంది. అందులో ఉండేది ఇనుము 60 మిల్లిగ్రాములు, ఫోలిక్ యాసిడ్ 500 మైక్రోగ్రాములు. డబ్బిచ్చి కొన్నది కాదు గనుక దానికి విలువ కూడా లేదనుకునేవారు మనలో చాలామందే ఉన్నారు. కాని ఈ మాత్ర జాడ పట్టుకుని వెనక్కు నడిస్తే బొంబాయి బట్టల మిల్లులు, కూనూరు ప్రయోగశాల, మద్రాసు గోషా ఆసుపత్రి, చివరకు మన భీమవరం కూడా దారిలో తగులుతాయి!

ఇది 1928 నాటి మాట. బొంబాయి మిల్లుల్లో పనిచేసే పేద స్త్రీలు కొందరు నెలలు గడిచినకొద్దీ పాలిపోయి, నీరసించి, కాన్పు వేళకు ప్రాణాల మీదికి తెచ్చుకునేవారు. వారి నెత్తురు సూక్ష్మదర్శిని కింద పెట్టి చూస్తే ఎర్ర కణాలు తక్కువ. ఉన్నవేమో మామూలుకన్న పెద్దవి. ఎందుకిలా అవుతున్నదో ఎవరికీ అంతుపట్టలేదు. అప్పటికి ఇండియాలో వైద్య పరిశోధనలకు ప్రభుత్వం 1911 లో నెలకొల్పిన ఒక నిధి సంఘం ఉండేది. 1949 నుంచి ఐ.సి.ఎం.ఆర్. అని పిలుస్తున్నది దానినే. ప్రసూతి మరణాలకు కారణాలు వెతకడానికి ఆ సంఘం సొమ్ము మంజూరు చేయగా, లండను నుంచి డాక్టర్ లూసీ విల్స్ అనే ఆవిడ వచ్చి, బొంబాయి హాఫ్‌కిన్ పరిశోధనాలయంలో పని ప్రారంభించారు.

ఆ స్త్రీలు ఏం తింటున్నారని ఆమె ఆరా తీశారు. ఆకుకూరలు, పండ్లు, మాంసకృత్తులు అంతంతమాత్రమే. అదే తిండి ఎలుకలకు పెట్టి చూస్తే వాటికీ నెత్తురు తగ్గింది. సమస్య తేలిందనుకునేలోగా ఆ ఎలుకలకు పేలు పట్టినట్టు బయటపడింది. నెత్తురు తగ్గింది తిండి వల్లనా, పేలు అంటించిన రోగం వల్లనా? చెప్పే వీలు లేకపోయింది. మళ్లీ కోతులతో మొదలుపెట్టవలసి వచ్చింది. లాభం చూసుకునే షావుకారైతే ఆ పేల దగ్గరే సంచీ మూతి బిగించేవాడు కాబోలు!

కొంతకాలం కూనూరులో, కొంతకాలం మద్రాసు గోషా ఆసుపత్రిలో పని సాగింది. చివరకు మందు దొరికింది. అదెక్కడిదనుకున్నారు? బీరు తయారీలో మిగిలిపోయే ఈస్టుతో చేసే మార్మైట్ అనే చవక పదార్థం. దాన్ని తినిపిస్తే మంచాన పడిన గర్భిణులు తేరుకున్నారు. 1931 లో ఆమె ఈ సంగతి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రకటించారు. ఆ పదార్థంలోని గుణం ఏమిటో అప్పటికి తెలియదు గనుక దానికి 'విల్స్ ఫ్యాక్టర్' అని పేరు పడింది.

1941 లో అమెరికాలో టెక్సస్ శాస్త్రజ్ఞులు పాలకూర నుంచి ఒక పదార్థం తీసి, లాటిన్‌లో ఆకు అనే అర్థం వచ్చేలా ఫోలిక్ యాసిడ్ అన్నారు. దాన్ని ప్రయోగశాలలో తయారుచేసే మార్గం 1945 లో కనిపెట్టింది లెడర్లీ కంపెనీలో మన యల్లాప్రగడ సుబ్బారావుగారి బృందం. భీమవరంలో పుట్టిన ఆయన తోడబుట్టినవాణ్ణి 'స్ప్రూ' అనే ప్రేగుల జబ్బు పొట్టన పెట్టుకుంది. ఆ జబ్బుకూ ఫోలిక్ యాసిడ్ పనిచేస్తుంది. ఇక్కడ కంపెనీ సొమ్ము చేసిన మేలును కాదనలేము.

అయితే మందు చవకైపోయాక దానిమీద కొత్త పరీక్షలకు డబ్బు పెట్టేదెవరు? బ్రిటిష్ ప్రభుత్వ సొమ్ముతో నడిచే మెడికల్ రిసెర్చ్ కౌన్సిల్ ముందుకొచ్చింది. వెన్నుపూస సరిగా మూసుకోని బిడ్డలను అంతకుముందు కన్న తల్లులు 1,817 మందిని ఏడు దేశాలలో 33 కేంద్రాల ద్వారా పరీక్షకు తీసుకున్నారు. గర్భం రాకముందు నుంచే ఫోలిక్ యాసిడ్ పుచ్చుకుంటే ఆ లోపం మళ్లీ రావడం 72 శాతం తగ్గుతుందని 1991 లో తేలింది. అందుకు ఎనిమిదేళ్లు పట్టింది మరి.

ఇక మన సంగతి. కూనూరులోని పోషకాహార పరిశోధనాలయం 1958 లో హైదరాబాదుకు తరలివచ్చింది. తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ అదే. గర్భిణులకు ఇనుము, ఫోలిక్ యాసిడ్ మాత్రలు పంచే జాతీయ పథకం 1970 లో మొదలైంది. ప్రసూతి మరణాలు తగ్గాయి: లక్ష కాన్పులకు 2014-16 లో 130 ఉంటే 2018-20 నాటికి 97. కాని రక్తహీనత తగ్గలేదు. గర్భిణులలో నూటికి 50.4 మందికి ఉన్నదని 2015-16 సర్వే చెబితే, 2019-21 సర్వే 52.2 అన్నది!

మాత్ర మంచిదే, ఆకలే లేదు. వికారం పుడుతుందని కొందరు, విరేచనం నల్లగా అవుతోందని కొందరు, బిడ్డ లావై కాన్పు కష్టమవుతుందని అత్తగారు భయపెట్టి కొందరు మధ్యలో మానేస్తారు. మరికొందరికి రక్తహీనత ఇనుము కొరవడి వచ్చింది కాదు. ఇంకేదో లోపం, ఇంకేదో జబ్బు. ఏ జిల్లాలో ఏది ఎంత? గూట్లో మిగిలిపోయిన అట్టలెన్ని? ఇది తేల్చడానికి ఇల్లిల్లూ తిరిగి, నెత్తురు తీసి, ఏళ్ల తరబడి లెక్కలు రాయాలి. అమ్ముకోవడానికి కొత్త సరుకేదీ ఇందులోంచి పుట్టదు గనుక ఏ కంపెనీ దీని జోలికి రాదు. విల్స్‌గారి ఎలుకలకూ కోతులకూ సొమ్మిచ్చిన ఆ ఖజానాయే దీనికీ ఇవ్వాలి.