రాయి నిజంగా సమాధేనా?

మన కవిత్వంలో రాయి జడత్వానికి ప్రతీక. 'రాతిగుండె' అనేసి ముందుకు పోతాం. అచ్యుతాపురం దగ్గర భాభా అణు పరిశోధనా కేంద్రం కోసం భూములు తీసుకున్న నేపథ్యంలో అణువ్యర్థాల మీద కవిత మొదలుపెట్టి, 'రాతి సమాధి' అన్న మాట దగ్గర ఆగిపోయాను.

మా అనకాపల్లి పక్కన బొజ్జన్నకొండను బౌద్ధులు తొలిచి సుమారు పదిహేను వందల ఏళ్ళు. రియాక్టర్లో పుట్టే ప్లుటోనియం-239 సగానికి తగ్గడానికే దాదాపు 24,000 ఏళ్ళు. అంతకాలం దాన్ని దాచగలిగేది లోతున ఉన్న రాయేనంటారు శాస్త్రజ్ఞులు.

కాని రాయికి గట్టిదనం ఒక్కటే చాలదు. అందులో పగుళ్ళుంటాయి, పగుళ్ళలో నీరుంటుంది. ఆ నీటిలో కరిగివచ్చిన మూలకానికీ ఖనిజానికీ మధ్య రసాయనిక సంఘర్షణ మొదలవుతుంది. సీసియం, తన బంధువు పొటాషియంలాగే, అభ్రకం పొరల్లోనూ కొన్ని బంకమన్నుల పొరల్లోనూ దూరి చిక్కుకుంటుంది. స్ట్రాన్షియం కాల్షియం చోటును ఆక్రమిస్తుంది. ప్లుటోనియం ఇనుము తుప్పుకు అతుక్కుంటుంది. మన కొండల ఎర్రమట్టికి రంగిచ్చేదీ ఆ తుప్పే. అయొడిన్‌ది మాత్రం రుణావేశం. ఖనిజాల పైముఖమూ చాలావరకు రుణావేశమే కనుక రాయి దాన్ని పట్టదు, నీటివెంట పోతుంది. అయొడిన్-129 అర్ధాయువు కోటిన్నర ఏళ్ళకు పైమాటే!

యురేనియం ఇంకా చిత్రమైనది. ఆక్సిజన్ అందని లోతుల్లో దాదాపు కరగదు. ఆక్సిజన్ తగిలిందా, సంయోజకత నాలుగు నుంచి ఆరుకు మారి, నీటిలోని కార్బొనేటుతో జతకట్టి ప్రయాణం కడుతుంది. కడప జిల్లా తుమ్మలపల్లెలో డోలమైటు రాతి నుంచి యురేనియం తీసేది ఈ కిటుకుతోనే. ఆమ్లం పోస్తే ఆ రాయే తాగేస్తుంది కదా! అక్కడి వ్యర్థాల చెరువు పక్క ఊళ్ళ రైతులు బోరునీళ్ళు పాడయ్యాయని ఏళ్ళ తరబడి మొరపెట్టుకుంటున్నారు. అది గని వ్యర్థం, రియాక్టరు వ్యర్థం కాదు. అయినా చెరువు అడుగున ఏం పరిచారు, కింది నీటిలో కార్బొనేటు ఎంత అన్న ప్రశ్నలు కన్నీటి వర్ణనల కన్నా ఆ రైతులకు ఎక్కువ పనికొస్తాయని నా అభిప్రాయం.

రాయిని పూర్తిగా శంకించనూ లేం. భీమిలి ఇసుకలోని మోనజైటు తూర్పు కనుమల శిలల్లోంచి కొట్టుకొచ్చింది; దాదాపు నూరు కోట్ల ఏళ్ళుగా థోరియాన్ని తన స్ఫటికంలో పట్టుకునే ఉంది. గాబన్ దేశపు ఓక్లోలో 200 కోట్ల ఏళ్ళ కిందట ప్రకృతిలోనే అణు విచ్ఛిత్తి జరిగిందని 1972లో బయటపడింది. అక్కడి ప్లుటోనియం పుట్టినచోటు నుంచి దాదాపు కదల్లేదు. సీసియం, స్ట్రాన్షియం చాలావరకు జారిపోయాయి.

మన దేశంలో ఈ వ్యర్థాన్ని గాజుగా మార్చి నిలవ చేస్తున్నారు. లోతైన శాశ్వత నిక్షేపం ఇంకా లేదు. 1980లలో కోలారు గనిలో, సుమారు కిలోమీటరు లోతున, హీటర్లతో శిలను వేడిచేసి పరీక్షించారు. తెలుగు కూలీలెందరో బంగారం తవ్విన గని అది.

నా కవితలో 'రాతి సమాధి' కొట్టేశాను. బదులు మాట ఇంకా దొరకలేదు.