అసంపూర్ణ సేవా రికార్డు – సైనిక పదోన్నతి: న్యాయమార్గ పరిశీలన

అఫ్జల్‌గంజ్ వైపు నుంచి చూస్తే మూసీ ఆవలి ఒడ్డున తెలంగాణ హైకోర్టు భవనం కనిపిస్తుంది. పదోన్నతి దక్కని సైనికుని వ్యాజ్యం మాత్రం అక్కడ మొదలు కాదు. 1950 సైనిక చట్టం ప్రకారం అధికారులు 27వ సెక్షన్ కింద, తక్కినవారు 26వ సెక్షన్ కింద ముందుగా ఫిర్యాదు సమర్పించాలి. అది తిరస్కృతమైనా, ఆరు నెలలపాటు నిర్ణయం వెలువడకపోయినా, సాయుధ దళాల ట్రిబ్యునల్‌ను ఆశ్రయించవచ్చు. తెలుగు రాష్ట్రాలకు చెన్నై బెంచి వర్తిస్తుంది. ఆపై ఆరు నెలలలోపు దరఖాస్తు చేయాలి. ట్రిబ్యునల్ తీర్పులపై హైకోర్టుకు గల రిట్ అధికారాన్ని సుప్రీంకోర్టు 2023 మార్చిలో ధ్రువీకరించింది. మూసీ దాటే అవసరం అప్పుడే.

అయితే ఫిర్యాదులో ఏమి అడగాలన్నదే అసలు చిక్కు. చాలామంది తమ యోగ్యతను వర్ణిస్తారు. యోగ్యతను తూచడం బోర్డు పని. బోర్డు ముందున్న రికార్డు సమగ్రమా కాదా అన్నది న్యాయస్థానం పరిశీలించగల అంశం. లెఫ్టినెంట్ కర్నల్ నితీషా కేసు (2021) ఇందుకు ఉత్తమ నిదర్శనం. శాశ్వత కమిషన్‌కు అవకాశమే లేని కాలంలో మహిళా అధికారుల వార్షిక రహస్య నివేదికలను యథాలాపంగా రాశారనీ, తరువాతి సంవత్సరాల ప్రతిభను లెక్కలోకి తీసుకోలేదనీ సుప్రీంకోర్టు గుర్తించింది. 2023 నవంబరులో కర్నల్ హోదా ఎంపికలోనూ నివేదికల పరిగణనకు విధించిన గడువు తేదీని తప్పుపట్టింది. హోదాను తానే ప్రసాదించలేదు. బోర్డును తిరిగి సమావేశపరచమన్నది. కనుక ఏ సంవత్సరపు నివేదిక లేదో, ఏ పతకం, ఏ కోర్సు నమోదు కాలేదో తేదీలతో చూపి, పునఃపరిశీలన కోరడమే ఫలించే అభ్యర్థన. ‘రహస్య’ నివేదికలోని లోటును దాని యజమానే నిరూపించవలసి రావడం విచిత్రమే.